సంఘం బీరువాలో ఆమె కార్డు

చిలకలగూడలో మా అపార్ట్‌మెంటుకు ఇరవై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, నాలుగు వందల అభిప్రాయాలు ఉన్నాయి. లిఫ్టు ఏడాదిలో ఏడు నెలలు సెలవులో ఉంటుంది. అభిప్రాయాలు మాత్రం ఒక్క పూట కూడా సెలవు తీసుకోవు. ఈ సామ్రాజ్యాన్ని ఏలే సంఘానికి నేను జాయింట్ సెక్రటరీని. ఆదివారం మధ్యాహ్నాలు నాది ఇంకో అవతారం. దేశం కాని దేశం వచ్చి, మొగుడి చేతిలో దెబ్బలు తిని, ఎటు పోవాలో తెలియని ఆడవాళ్ల కోసం నడిచే ఒక సహాయ కేంద్రంలో దరఖాస్తులు నింపుతాను. నేను నింపిన కాగితాల బరువుకు అక్కడి బల్ల వంగిపోయిందని కనబడ్డవాళ్లందరికీ నేనే చెబుతుంటాను.

మా వాచ్‌మన్‌ది నేపాల్. అతనూ, భార్యా, ఐదేళ్ల కూతురూ సెల్లార్‌లో స్కూటర్ల పక్క గదిలో ఉండేవారు. గది అంటే గొప్పగా ఊహించుకోకండి. అందులో ఒకరు ఆవలించాలంటే మిగతా ఇద్దరూ బయటికి రావాలి. మెట్లు కడగడం, మోటారు వేయడం, చెత్త మోయడం అన్నీ ఆమే చేసేది. నాలుగేళ్లలో మేము ఆమెతో మాట్లాడినవి మూడు మాటలు: నీళ్లు, చెత్త, జల్దీ. ఆమెకు తెలుగు రాదని మేమే తేల్చేసుకున్నాం. వస్తుందా అని ఆమెను అడగాలని ఇరవై ఫ్లాట్లలో ఒక్కరికీ తోచలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆమె ఎడమ కన్ను గుత్తివంకాయంత వాచి కనబడింది. మా ప్రెసిడెంటు గారు వెంటనే సెల్లార్‌లో మీటింగు పెట్టారు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. ఎర్రజెండా లేకుండా ఒట్టి గొంతుతోనే గూడ్సు బండిని ఆపగలరు. ఆయన బాధ ఆమె కన్ను కాదు. ముందురోజు అరుపులకు ఆయన మధ్యాహ్నపు కునుకు చెడింది.

మొగుడినీ పెళ్లాన్నీ పక్కపక్కనే కుర్చీలేసి కూర్చోబెట్టారు.

"సార్, ఆమెకు భాష రాదు గదా" అన్నాను.

"గంతదానికి పరేషానెందుకమ్మా? పక్కన మొగుడున్నడు గద. ఆమె ఏం చెప్తదో ఆయనే మనకు చెప్తడు."

నేను తలూపాను. 'ఆమె మాటను భర్త చేత చెప్పించవద్దు' అని మా కేంద్రం గోడ మీద ఒక కాగితం ఉంటుంది. దాన్ని అంటించింది నేనే. జిగురు కూడా నేనే కొన్నాను.

ఆమె తన భాషలో ఏడుస్తూ చాలాసేపు చెప్పింది. అంతసేపట్లో ప్యాసింజరు రైలయినా మౌలాలి దాటిపోయేది. మొగుడు దాన్ని ఒక్క ముక్కకు కుదించాడు: "మెట్ల మీద జారిందంట సార్. తప్పు తనదే అంటున్నది."

"సూడుండ్రి, ఎంత మంచిగ ఒప్పుకున్నదో!" అని మురిసిపోయారు ప్రెసిడెంటు గారు. నేను మినిట్స్ పుస్తకంలో 'సమస్య పరిష్కారమైనది' అని రాస్తున్నాను.

"అబద్ధం చెప్తుండు సార్" అంది ఆమె. "నేను గట్ల అనలే. బెల్టుతోని కొట్టిండు. నాకు తెలుగొస్తది. నాలుగేండ్ల సంది మీ మాటలే ఇంటున్న."

సెల్లార్ చల్లబడింది. ఎవరెవరు ఆమె ముందు ఎవరి గురించి ఏమేం వాగారో అందరికీ ఒకేసారి గుర్తుకొచ్చింది. ట్రెజరరు గారికి మోగని ఫోన్ మోగింది. ఆయన దాన్ని చెవికి ఆనించుకుని వెళ్లిపోయారు.

"నీకేం గావాలె?" అని ప్రెసిడెంటు గారు అడిగారు. ఆమెను నేరుగా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"నా నేపాల్ పౌరసత్వం కార్డు. బిడ్డ బర్త్ సర్టిఫికెట్. గవిస్తే మేం పోతం. గవి లేకుంటే నేనెవరో ఎవరు నమ్ముతరు? బిడ్డను బడిల సుత తీస్కుంటలేరు."

నాకు ఆవేశం వచ్చింది. భార్య కాగితాలు దాచడం కొట్టడంతో సమానమని, మలక్‌పేట దాకా వినబడేలా మొగుడికి ఉపన్యాసం ఇచ్చాను. అతను ఓపిగ్గా విని, తల గోక్కున్నాడు.

"నా దగ్గర యాడున్నయ్ మేడం? పన్ల చేరిన్నాడు మీరే తీస్కున్నరు గద."

నిజమే. వాచ్‌మన్ కుటుంబం చెప్పకుండా మాయం కాకూడదని ఒరిజినల్ కాగితాలు సంఘం బీరువాలో పెట్టి తాళం వేయడం మా ఆచారం. రిజిస్టరు తీసి చూశారు. 'స్వీకరించడమైనది' అన్న మాట కింద నా సంతకం ఉంది, పెళ్లిపత్రిక మీద పెట్టినంత అందంగా. ఆమె పోతానన్నప్పుడల్లా మొగుడు ఆ బీరువానే చూపించి నవ్వేవాడట.

"ఇచ్చింది ఆయన. ఆయన సంతకం లేంది ఎట్లిస్తం? రూలుంటది" అన్నారు ప్రెసిడెంటు గారు.

"నేను పెట్ట సార్" అని మొగుడు చేతులు కట్టుకున్నాడు.

"కార్డు మీద ఫోటో ఎవర్ది సార్?" అని అడిగింది ఆమె. ప్రెసిడెంటు గారు రిజిస్టరులో ఆ రూలు వెతకసాగారు. ఆమె నా వైపు తిరిగి చెయ్యి చాపింది. "ఇంకో తాళంచెవి మీ కాడుంటది మేడం. ఫోన్ల చెప్తుంటే ఇన్న."

నేనే వీరనారిలా లేచానని రాసుకోవాలని ఉంది. కానీ తాళంచెవి ఇచ్చేశాను, అంతే. లిఫ్టు కంపెనీకి రాసిన ఫిర్యాదుల కట్ట కింద ప్లాస్టిక్ కవరు దొరికింది. ఆమె కార్డును కొంగుతో తుడిచి, ఫోటో చూసుకుని, జాకెట్లో పెట్టుకుంది. మొగుడు గేటు దాకా వచ్చి అరిచాడు. ఆమె, బిడ్డ, నేను కేంద్రానికి ఆటో ఎక్కేశాం.

కేంద్రంలో దరఖాస్తు తీశాను. 'గుర్తింపు పత్రాలు ఎవరి అధీనంలో ఉండేవి?' అన్న చోట, "భర్త" అని పైకి చదువుకుంటూ అలవాటుగా రాయబోయాను.

"గట్ల గాదు మేడం. అసోసియేషన్ అని రాయుండ్రి. సంతకం పెట్టినోళ్ల పేరు సుత రాయుండ్రి."

రాశాను. కేంద్రం నడిపే ఆవిడ అది చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది. "మీరు జెర బయట కూర్చోండి. ఆమెతోని నేనొక్కదాన్నే మాట్లాడాలె" అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాను. వెంట వచ్చిన మొగుళ్లనూ అత్తలనూ మేము కూర్చోబెట్టేది ఆ బెంచీ మీదే.