నాన్న నడిపిన చివరి టెయిల్‌గేట్

నా చిన్నప్పుడు మేం మిషిగన్‌లోని నోవైలో ఉండేవాళ్ళం. నాన్న కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. ఏటా ఆకులు రాలే కాలంలో ఒక శనివారం మేమూ, నాన్న ఆఫీసు స్నేహితుల కుటుంబాలూ కలిసి యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటకు వెళ్ళేవాళ్ళం. ఆటకన్నా దానికి ముందు జరిగే టెయిల్‌గేట్ అంటేనే నాన్నకు ప్రాణం. స్టేడియం పక్కన పార్కింగ్‌లో కార్ల వెనక తలుపులు ఎత్తిపెట్టి, అక్కడే బొగ్గులు రాజేసి, వండుకుని, నిలబడి తిని, కబుర్లు చెప్పుకుని, ఆ తరవాత లోపలికి వెళ్ళడం. దాని కోసం నాన్న పెళ్ళి పెద్దలా వారం ముందు నుంచే హడావిడి పడేవారు.

నా ఆరో తరగతి ఏడాది ఆయనకు ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు చేసింది. వేసవికల్లా ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్ లేనిదే హాల్లోంచి వంటింట్లోకి కూడా రాలేకపోయేవారు. డాక్టర్లు చెప్పవలసింది చెప్పేశారు. నాతో ఎవరూ ఏమీ అనలేదు గానీ, అమ్మ సింకు ముందు కుళాయి తిప్పి, గిన్నె తోమకుండా అలాగే నిలబడిపోయే తీరు చూస్తే నాకు తెలిసిపోయేది.

అందరం ఆయన్ని ప్రేమగానే చూసుకున్నాం. ఆ ప్రేమతోనే ఆయన చేతిలోని పనులన్నీ ఒక్కొక్కటిగా లాగేసుకున్నాం. చెత్త డబ్బా రోడ్డు దాకా అమ్మ ఈడ్చుకెళ్ళేది. ఆయాసం వస్తుందని నేను లెక్కలు అడగడం మానేశాను. ఇంటికొచ్చిన ఆంటీలు కూర గిన్నె బల్ల మీద పెట్టి, “ఎలా ఉందండీ? మీరు రెస్ట్ తీసుకోండి” అని వెళ్ళిపోయేవారు. నాన్న రెస్ట్ తీసుకునేవారు, పొద్దస్తమానం కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తూ.

అక్టోబరులో ఒక సాయంత్రం వరంగల్ అంకుల్ వచ్చారు. ఆయన నాన్నతో పనిచేసేవారు. వాళ్ళ ఊరి పేరుతోనే పిల్లలందరం పిలిచేవాళ్ళం. గ్రిల్ దగ్గర ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఏటా కోడి కాల్చేటప్పుడు ఆయనకూ నాన్నకూ వాదులాట తప్పేది కాదు. ఆ రోజు ఆయన ఆరోగ్యం సంగతి ఎత్తలేదు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

“అన్నా, ఈసారి టెయిల్‌గేట్ ఎట్ల చేద్దాం? ప్లాన్ నువ్వే చెప్పాలె.”

వంటింట్లోంచి అమ్మ గబగబా వచ్చింది. “ఇప్పుడవన్నీ ఎందుకండీ? ఆ చలిలో ఈయన ఎక్కడికి వస్తారు?”

“వచ్చుడు, రాకపోవుడు తర్వాత చూద్దాం వదినా. ముందుగాల ప్లాన్ కావాలె కదా. అన్న చెప్పకుంటే మాకు పార్కింగ్ కూడ దొరకది.”

నాన్న కిటికీ వైపు నుంచి ముఖం ఇటు తిప్పారు. తరవాత ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ మొదలుపెట్టారు. తెల్లవారుతూనే బయల్దేరాలి. చెట్ల వరుస పక్కన ఆపితే గాలి కొట్టదు, బాత్రూములు కూడా దగ్గర. కోడికి మసాలా ముందు రోజే పట్టించాలి, అక్కడికి వెళ్ళాక కలిపితే ముక్కకు అంటదు. చేతికి గ్లవ్స్ ఉంటాయి కాబట్టి ఒంటి చేత్తో తినగలిగేవే ఉండాలి. పచ్చిమాంసానికి ఒక ఐస్ పెట్టె, తాగేవాటికి వేరే పెట్టె. ఆట మొదలవడానికి గంట ముందే పొయ్యి ఆర్పాలి, వేడి బొగ్గులు కార్లో పెట్టకూడదు. వరంగల్ అంకుల్ “ఆహా, గట్లనా” అంటూ విన్నారు. అవన్నీ ఆయనకు తెలిసినవే.

కాసేపైతే వెళ్ళిరావచ్చని డాక్టరు అన్నారు. ఆ శనివారం ఆకాశం బూడిద రంగులో, చలి ఎముకల్లోకి దిగేలా ఉంది. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి రెండు దుప్పట్లు కప్పాం. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు ఉండకూడదు గనక గ్రిల్‌ను చాలా దూరంగా, నాలుగైదు కార్ల అవతల పెట్టారు. అక్కడ తన చేత్తో వండడం కోసమే ఏడాదంతా ఎదురుచూసే మనిషి, పొగ వాసన కూడా సరిగా అందనంత దూరంలో కూర్చున్నారు. అటు వెళ్ళే స్నేహితులు ఆయన దగ్గర ఆగి, గొంతు తగ్గించి, భుజం తట్టి త్వరగా కదిలిపోయారు.

వరంగల్ అంకుల్ మాత్రం మాటిమాటికీ గ్రిల్ వదిలి నాన్న దగ్గరికి నడిచి వచ్చారు. “అన్నా, బొగ్గు పైన తెల్లగైంది, ముక్కలు పెట్టాల్నా, ఇంక ఆగాల్నా?” నాన్న చెయ్యి ఎత్తి ఆగమన్నారు. మళ్ళీ వచ్చారు. “మూత పెట్టాల్నా, తీయాల్నా?” ఇంకోసారి ఒక ముక్క ప్లేటులో తెచ్చి, చీల్చి చూపించి, “లోపల ఉడికిందంటవా?” అని అడిగారు. నాన్న వంగి చూసి, తల అడ్డంగా ఊపి, “ఇంకొంచెం... మంట లేనివైపు పెట్టు” అన్నారు. ఆయన చెప్పేదాకా ఎవరికీ ఒక్క ముక్క పెట్టలేదు.

నాకు ఒళ్ళు మండింది. మాట్లాడిన ప్రతిసారీ నాన్నకు దగ్గొస్తోంది. అంకుల్ వెనకే గ్రిల్ దాకా వెళ్ళి, “యూ నో ఆల్ దిస్ అంకుల్! నాన్నని ఎందుకు ట్రబుల్ చేస్తున్నారు?” అని అడిగేశాను.

ఆయన పటకారు పక్కన పెట్టి నా ఎత్తుకు వంగారు. పొగకో, మరెందుకో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “తెలుసు బిడ్డా. లేచినకాడ్నుంచి అందరు మీ నాయిన్ని ఎట్లున్నవ్, ఎట్లున్నవ్ అని అడుగుతున్రు. దానికి ఆయన దగ్గర మంచి జవాబు లేదు. జవాబున్న ప్రశ్న ఒక్కటన్న అడగొద్దా?”

ఆట మొదలవకముందే నాన్న పెదవులు నీలంగా మారాయి. అమ్మ ఇక చాలంది. కారు పార్కింగ్ దాటుతుంటే స్టేడియంలోంచి ఒక్కసారిగా జనం కేకలు వినిపించాయి. నాన్న కిటికీ కొంచెం దించమన్నారు. ఆ చప్పుడు వినబడినంతసేపూ కళ్ళు మూసుకుని విన్నారు.

హైవే ఎక్కాక, “వాడికి నాకన్నా బాగా వచ్చు. ఏమీ తెలీనట్టు ఎంత బాగా అడిగాడో” అన్నారు.

“తెలిసీ మీరు చెబుతూ కూర్చున్నారేం?” అంది అమ్మ.

“అడిగాడు కదే” అన్నారు నాన్న. నవ్వబోతే దగ్గొచ్చింది. ఇల్లు చేరేదాకా ఆగలేదు.

మంచు పడడం మొదలైన కొద్ది వారాలకే నాన్న పోయారు. ఆ ఆఖరి వారాల్లో నేను లెక్కల పుస్తకం పట్టుకుని మంచం పక్కన కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఒక్క లెక్కకు సాయంత్రం అంతా పట్టేది. పెన్సిలు ఆయన వేళ్ళ మధ్య నిలిచేది కాదు. అయినా నేను లాక్కోలేదు. ఆయన చెప్పకుండా పేజీ తిప్పలేదు. ఆ లెక్కలు పరీక్షకు ఏమైనా పనికొచ్చాయో లేదో నాకు గుర్తులేదు. ఆయన పెన్సిలుతో గీసిన వంకర గీతలు మాత్రం బాగా గుర్తున్నాయి.

ఇప్పుడు మా అత్తగారు మా ఇంట్లోనే ఉంటారు. ఆవిడ జ్ఞాపకం రోజురోజుకూ చెదిరిపోతోంది. నా పేరు కూడా అప్పుడప్పుడు జారిపోతుంది. అలాంటి మనిషిని “నేనెవరో చెప్పండి” అని అడగను. పోపు గరిటె పట్టుకుని, “అత్తయ్యా, ముందు ఆవాలా, జీలకర్రా?” అని అడుగుతాను. ఒక్కోరోజు వెంటనే చెబుతారు, గొంతులో పాత అధికారం పలుకుతుంది. ఒక్కోరోజు పెదవులు కదులుతాయి గానీ మాట రాదు. అప్పుడు నేను స్టవ్ కట్టేసి, ఆవిడ వైపు తిరిగి నిలబడతాను. వంట ఆలస్యమైనా సరే.