రాని తుపాకుల వందనం

నిరుడు మా సోలాపూర్ మగ్గాల గల్లీలో మాజీ సైనికుడు మల్లేశం పోయాడు. ఒంటరిగా శత్రువుల ట్యాంకును ఆపినవాడు! తుపాకులు పేల్చి వందనం చేయడానికి సైన్యం వస్తోందని గొప్ప కోసం నేనే అందరికీ చెప్పాను. నన్ను నమ్మి మధ్యాహ్నం దాకా శవాన్ని ఎత్తలేదు. ఎవరూ రాలేదు. నాకు తలెత్తుకునే మొహం లేకపోయింది.

బీడీలు చుట్టే అతని భార్య లక్ష్మి నా దగ్గరికి వచ్చింది.

"రాకుంటెనే మంచిగైంది అన్నా. గా చప్పుడు ఆయనకు పడది. దివాళికి తలుపులేసుకొని, పిల్లల చెవులు మూసి పట్టుకొని కూసుంటుండె."

"నాకెన్నడు చెప్పకపాయె గద చెల్లె?"

"నువ్వు చెప్పనిస్తివా?"

నిజమే. ఆ ట్యాంకు కూడా నా కల్పనే. నేను కోతలు కోస్తుంటే, మల్లేశం భార్య కోసం బీడీ ఆకు కత్తిరిస్తూ ఊరికే వినేవాడు.

బాజాలు వద్దన్నాను. గల్లీలోని మరమగ్గాలన్నీ ఆపించాను. మల్లేశాన్ని చప్పుడు లేకుండా మోసుకెళ్లాం.