క్లారీ ట్రెంబాత్ మంగళవారాలు

క్లారీ ట్రెంబాత్ మా ఊరి రాగి గనిలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాడు. గని మూతపడేనాటికి మోకాళ్లు పోయాయి. ఊపిరితిత్తులు అంతకుముందే పోయాయి. భార్య యూనా పోయాక గడప దాటడం మానేశాడు. టాస్మేనియా పడమటి తీరంలో మాకు ఏడాదిలో సగం రోజులు వానే కాబట్టి, ఒక మనిషి బయట కనిపించకపోతే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేనూ పట్టించుకున్నానని చెప్పను. క్లినిక్ వ్యాను డ్రైవర్ని. ఆయన పేరు నా జాబితాలోకొచ్చింది, వెళ్లాను.

ఆ ఏడు క్లినిక్‌వాళ్లూ, పాత సినిమా హాల్లో నాటకాలు వేసేవాళ్లూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఊపిరి అందని రోగుల్ని డాక్టరమ్మ పంపుతుంది, హాలువాళ్లు పాట నేర్పుతారు. ప్రతి మంగళవారం పదింటికి. నర్సు బ్రోన్విన్ పక్కనే ఉంటుంది. పాడేవాడు ఊపిరిని మెల్లగా, పొదుపుగా వదలాలి. ఈ రోగులకి చేతకానిది ఆ వదలడమే.

డాక్టరమ్మ చీటీలో మందుల కింద "పాట, వారానికోసారి" అని రాసింది. క్లారీ అది నా మొహం ముందు ఆడించాడు.

"ఒరేయ్ గ్లెన్, ఆయాసానికి పాటంటరా. రేపు మొలలొస్తే గంతులెయ్యమంటారేమో."

"ఏమో పెద్దాయనా, నాకేం తెలుసు. బండైతే వచ్చింది. ఎక్కుతావా, పొమ్మంటావా?"

గుమ్మంలోకి వచ్చిన బండిని తిప్పి పంపడం ఆయనకి మొహమాటం. ఎక్కాడు.

హాలు తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. లోపల గుండ్రంగా వేసిన కుర్చీల్లో జ్లాట్కో పెర్కోవిచ్ కూర్చుని ఉన్నాడు. క్లారీ వెనక్కి తిరిగి వచ్చి వ్యానులో కూర్చున్నాడు.

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట గనిలో పెద్ద సమ్మె జరిగింది. పదకొండో వారంలో జ్లాట్కో గేటు దగ్గర సమ్మెలో కూర్చున్నవాళ్లని దాటుకుని పనిలోకి దిగాడు. గేటు దగ్గర అందరి ముందూ క్లారీ అతణ్ణి ద్రోహి అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఉన్నది ఒక్కటే రొట్టెల దుకాణం. జ్లాట్కో ఎనిమిదింటికి వెళ్తే క్లారీ తొమ్మిదింటికి వెళ్లేవాడు.

మూడు మంగళవారాలు క్లారీ వ్యానులోనే కూర్చున్నాడు. బ్రోన్విన్ బయటికొచ్చి, వానలో నిలబడే, ఆయనతో ఊపిరి కసరత్తు చేయించి వెళ్లేది.

నాలుగో వారం లోపలికొచ్చాడు. పాట నేర్పే ఇమోజెన్ మొహం వెలిగింది.

"రండి క్లారీ గారూ, కూర్చోండి."

"పాటకి రాలేదమ్మా. బాత్రూం ఎక్కడ?"

ఆయన లోపలికెళ్లిన కాసేపటికే జ్లాట్కోకి దగ్గు తెర మొదలైంది. మామూలుగా ఆగే దగ్గు కాదది. పెదాలు నీలమయ్యాయి. కుర్చీ అంచుని పట్టుకుని గాలిని గుటకలు గుటకలుగా లోపలికి లాక్కుంటున్నాడు. వ్యానులో ఉన్న ఆక్సిజన్ సిలిండర్ కోసం బ్రోన్విన్ నా చేతిలో తాళాలు లాక్కుని పరుగెత్తింది. ఇమోజెన్ చేతులు నలుపుకుంటూ నిలబడిపోయింది.

క్లారీ బాత్రూం తలుపు దగ్గర నిలబడి చూశాడు. తర్వాత నడిచివచ్చి, జ్లాట్కో ఎదురుగా కుర్చీ లాక్కుని, మోకాళ్లకి మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు. ఒక చెయ్యి అతని వీపు మీద వేశాడు.

"లాక్కోకు. ముందు వదులు. లోపల చోటు లేందే గాలెక్కడికి పోతుంది? వదులు."

అని, నోరు మూసుకుని ఏదో రాగం మొదలుపెట్టాడు. నాలుగైదు స్వరాలే, అదే మళ్లీ మళ్లీ. శ్రుతి అనేది ఆ దరిదాపుల్లో లేదు. జ్లాట్కో ఆయన కళ్లలోకి చూశాడు. కాసేపటికి అతని గొంతులోంచీ సన్నగా అదే రాగం వచ్చింది. బ్రోన్విన్ సిలిండర్‌తో వచ్చేసరికి అతని ఊపిరి సగం దారికొచ్చింది.

మాస్కు పెట్టి, వేలికి ఆక్సిజన్ మీటరు తగిలించి, అంకె పెరిగిందని చూసుకున్నాక బ్రోన్విన్ అడిగింది.

"ఇదెవరు నేర్పారండీ మీకు?"

క్లారీ గడ్డంతో చూపించాడు. "ఇతనే."

అప్పుడు చెప్పాడు. గనిలో చేరిన మొదటి ఏడాది, పెళ్లికి ముందు, బండరాళ్లు కూలి పదకొండు గంటలు వీళ్లిద్దరూ ఒక మూలలో ఇరుక్కుపోయారు. ధూళి. దీపం లేదు. ఇరవై రెండేళ్ల క్లారీ భయంతో గాలిని మింగడం మొదలుపెట్టాడు. జ్లాట్కో అతని వీపు మీద చెయ్యేసి, తన భాషలో అమ్మ పాడే పాట రాగం తీస్తూ, దానికి తగ్గట్టు ఊపిరి వదిలించాడు. బయటపడేదాకా ఆపలేదట. ఈ మాట క్లారీ యూనాకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

జ్లాట్కో మాస్కు పక్కకి జరిపాడు.

"రెండో స్వరం తప్పావు."

"పదకొండు గంటలు తప్పే పాడావేమో. నేను నేర్చుకున్నది అదే."

మిగతావాళ్లు నవ్వారు. వాళ్లిద్దరూ నవ్వలేదు.

తర్వాతి వారం నుంచి క్లారీ లోపలే కూర్చున్నాడు. ఆ పాటకి మాటలున్నాయని తెలిసి, అందరికీ నేర్పమని ఇమోజెన్ జ్లాట్కోని అడిగింది. అతనికి సగమే గుర్తున్నాయి. గుర్తున్న సగాన్నే రెండుసార్లు పాడేవాళ్లు.

ఒకరోజు ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్తున్నాను. వెనక సీటులో జ్లాట్కో ఉన్నట్టుండి అన్నాడు.

"సమ్మె అప్పుడు మా పాప వెస్నాకి ఆపరేషన్. అందుకే దిగాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే తెలుసు. గేటు దగ్గర అరిచినప్పుడు కూడా తెలుసు."

బండి ఆపాను. దిగేటప్పుడు క్లారీ తలుపు పట్టుకుని నిలబడ్డాడు, జ్లాట్కో దిగడానికి చెయ్యి అందించాడు. అది జ్లాట్కో ఇల్లు. క్లారీ ఇల్లు ఇంకా రెండు వీధులవతల ఉంది. టీ తాగి నడిచి వెళ్తానని నన్ను పంపేశాడు. వానలో, ఆ ఊపిరితో, గంటన్నర పట్టిందట.

ఊపిరితిత్తులు బాగుపడ్డాయని చెప్పను. ఊదే పరీక్షలో అంకెలు అలాగే ఉన్నాయి. ముందటి చలికాలం నాలుగుసార్లు ఆసుపత్రిలో చేరిన క్లారీ ఆ చలికాలం ఒక్కసారే చేరాడు. పాట వల్లనా, టీ వల్లనా అనేది నాకు తెలియదు. ఏర్పాటు ఎలా నడుస్తోందో చూడటానికి రాజధాని హోబర్ట్ నుంచి ఆరోగ్యశాఖ అధికారి ఒకాయన వచ్చి, మీకేం మేలు జరిగిందని క్లారీని అడిగాడు.

"మంగళవారం గడ్డం గీసుకోవాల్సి వస్తోంది" అన్నాడు క్లారీ. అధికారి అది కూడా రాసుకున్నాడు.

రెండో చలికాలంలో జ్లాట్కో ఉత్తర తీరంలోని పెద్దాసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. క్లారీని నేను రెండుసార్లు తీసుకెళ్లాను. రెండోసారి జ్లాట్కో మాట్లాడే స్థితిలో లేడు. క్లారీ మంచం పక్కన కూర్చుని ఫుట్‌బాల్ స్కోర్లన్నీ చదివి వినిపించాడు.

తరువాత వెస్నా, నాన్న ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. నాన్న పాట మాటలు చెప్పమని క్లారీని అడిగింది. ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే రాసుకుంది.

"ఈ రెండూ మా భాషలో మాటలే కావండీ" అంది.

"అయ్యుండొచ్చమ్మా. అతను అలాగే పాడేవాడు. ఉండనీ."

ఆమె కొట్టేయకుండా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తరగతి ఇప్పటికీ నడుస్తోంది. క్లారీ వస్తున్నాడు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో. శ్రుతి మాత్రం ఇంకా కుదరలేదు. ఇమోజెన్ ఆయన్ని వెనక వరుసలో కూర్చోబెడుతుంది.