సంతలో నా సీవీ చదివేసిన సోంబ్రు మావ

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసి, సోంబ్రు మావ నిద్రలోనే పోయాడని చెప్పింది.

నమ్మలేదు. నిజమేనా అని అడగడానికి మావ నంబర్‌కే ఫోన్ చేశాను.
చూడండి నా తెలివి.

మావ అంటే అమ్మ తమ్ముడు. జి.మాడుగులలో జిరాక్స్ షాపు. సీవీ టైప్ చేయించుకుందామని వెళ్తే ముందు టీ, తర్వాత తిట్లు. రెండూ ఫ్రీ.

ఎవరి సీవీలో గొప్పలు కనిపించినా తన తాత కథ ఎత్తుకునేవాడు.

1920ల్లో ఎవరో సర్వే దొర మా కొండల్లో డేరా వేశాడట. తాత పని అడగడానికి వెళ్ళాడు. ఏం వచ్చు అంటే, అన్నీ వచ్చన్నాడు.
దొర సంతోషపడిపోయి గుర్రం కళ్ళెం చేతిలో పెట్టాడు.
తాత అప్పటిదాకా గుర్రం దగ్గరకి పోయిన మనిషి కాదు. ఆ సంగతి గుర్రం వెంటనే కనిపెట్టేసి, కొండ దిగి ఉడాయించింది. దాన్ని వెతికి తెచ్చేసరికి దొర వేరే మనిషిని పెట్టేసుకున్నాడు.

మరుసటి ఏడు ఇంకో దొర వచ్చాడు. ఈసారి తాత, అడవిలో నీళ్ళెక్కడ దొరుకుతాయో చూపిస్తాను, నాకు వచ్చింది అదొక్కటే అన్నాడు.
పని దొరికింది.

"సీవీ అంటే అదే" అనేవాడు మావ.

ఇక నా సంగతి.

అప్పట్లో కాఫీ కంపెనీలో కాంట్రాక్ట్ మీద ఫీల్డ్ అసిస్టెంట్‌ని. సూపర్‌వైజర్ పోస్ట్ పడింది. అది రాకపోతే ఆ సీజన్‌తో నా కాంట్రాక్ట్ అయిపోతుంది, ఇంట్లో కూర్చోవాలి.

నెట్‌లో చూసి బ్రహ్మాండమైన సీవీ తయారు చేశాను. డైనమిక్. టీమ్ ప్లేయర్. హాబీ స్విమ్మింగ్.
మా ఊరి గెడ్డలో నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా రావు.

మావ చదివాడు. కాగితం పట్టుకుని తిన్నగా సంతకి నడిచాడు. కాఫీ రైతుల మధ్య నిలబడి, ఒక్కో లైనూ తెలుగులో చెప్తూ గట్టిగా చదివేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.
వాళ్ళు నవ్విన ప్రతి లైనూ పెన్నుతో కొట్టేశాడు.
చివరికి నా పేరు, ఊరు, డిగ్రీ మిగిలాయి.

అప్పుడు కాఫీ గింజలు అమ్మడానికి వచ్చిన చిల్లమ్మ అత్త నన్ను చూపించి అడిగింది.

"మరి ఆ వానప్పుడు సేసింది రాయనేదేటి? గింజలు తడిసిపోతాయని ఇల్లిల్లూ తిరిగి టార్పాలిన్లు మోసింది ఈ గుంటే కదా."

పండిన కాయలే కోయాలని దగ్గరుండి చూపించింది నేనేనని ఒకాయన అన్నాడు. వాళ్ళ ముసలివాళ్ళతో వాళ్ళ భాషలోనే మాట్లాడతానని ఇంకొకావిడ. మావ అక్కడే బస్తా మీద కూర్చుని అన్నీ రాసుకున్నాడు.

అవన్నీ చెప్పుకోదగ్గ పనులని నాకెప్పుడూ అనిపించలేదు. సంతలో అందరి ముందూ ఏడ్చేశాను. మావ మాత్రం ముక్కు తుడుచుకోమని చెప్పి టైపింగ్‌కి లాక్కుపోయాడు.

ఇంటర్వ్యూలో నన్ను అడిగిందంతా ఆ వాన గురించే. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు మేనేజర్ పోస్ట్ పడింది. మొన్న సాయంత్రం కొత్త సీవీ మావకి వాట్సాప్‌లో పంపి ఫోన్ చేశాను. తినేసి చూస్తానే గుంటా అన్నాడు.

ఆ రాత్రే నీలం టిక్కులు పడ్డాయి. రిప్లై రాలేదు.

నేను రాసినదాంట్లో ఏదో ఒకటి కొట్టేయకుండా మావ ఇంతవరకూ వదల్లేదు. ఈసారి ఒక్క లైనూ కొట్టేయలేదు.

బాగుందన్నావనే అనుకుంటున్నాను మావా.
ఈరోజే అప్లై చేస్తున్నాను.

నువ్వింక చల్లగా పడుకో.