బావ మీది కోపం, కాటారం బస్సు

ముందే ఒక మాట చెప్పేస్తున్నాను. ఈ కథ చివరికొచ్చేసరికి ఒక కాలు విరుగుతుంది. ఆ కాలు నాదే. కాబట్టి ఎవరికి ఏమవుతుందోనని కంగారు పడకుండా హాయిగా నవ్వుకోండి. నేను మాత్రం నవ్వను. ఏడాది దాటినా నాకు కోపం చల్లారలేదు. మా బావ మీద కోపం, బట్టతలల మీద కోపం, తెల్లవారుజామున లేచి పరుగెత్తేవాళ్లందరి మీదా కోపం. అందరికన్నా ఎక్కువ కోపం అప్పటి నా మీద. వాడిప్పుడు ఎదురుపడితే రెండో కాలు నేనే విరగ్గొడతాను.

నాకు జనగామలో పైపులు, మోటార్ల దుకాణం ఉంది. పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేచేది భోజనానికే. రోజంతా కాలిపోయిన మోటార్ల గురించి రైతులు చెప్పే కష్టాలు వినడం, వాళ్లతో పాటు చాయ్ తాగడం, ఇదే నా వ్యాయామం. నలభై నిండకముందే నా పొట్ట నాకన్నా ఒక అడుగు ముందు నడవడం మొదలుపెట్టింది. దాని మానాన అది ఉంది, నా మానాన నేనున్నాను. మా ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదు. గొడవ పెట్టింది మా బావ.

మా అక్క భర్త రఘు బావ మహబూబాబాద్‌లో లెక్కల సారు. రోజూ చీకటితోనే లేచి పరుగెత్తుతాడు. పరుగెత్తితే పరుగెత్తనివ్వండి, ఎవరికి నష్టం? కానీ దాని గురించి చెప్పకుండా ఉండలేడు. కరెంటు గురించి మాట్లాడినా, కూతురి పరీక్షల గురించి మాట్లాడినా చివరికి తన మోకాళ్ల దగ్గరికే వస్తాడు.

ఒక పెళ్లి భోజనాల్లో నేను రెండోసారి జిలేబీ వేయించుకుంటుంటే బావ పక్కనుంచి అందుకున్నాడు.

"జర చూస్కొని తిను బామ్మర్ది. నువ్వు గా గేటు దాక ఉరికినవంటే మేము అంబులెన్స్ పిలువాలె."

బంతిలో అందరూ నవ్వారు. వాళ్లు నవ్వితే నవ్వారు, నా పక్కనే కూర్చున్న నా భార్య లావణ్య అందరికన్నా ముందు నవ్వింది. నాకు కోపం తలకెక్కింది.

"నువ్వు ఉరికే పోటీ ఏదో చెప్పు. దాంట్ల నేను గూడ ఉరుకుత. నీకన్న ముందొస్త," అన్నాను.

"భూపాలపల్లిల హాఫ్ మారథాన్ పెడుతున్నరు, చలికాలంల. ఇరవై ఒక్క కిలోమీటర్లు. నువ్వు ముందుగాల నెల రోజులు నడువు. తర్వాత జరసేపు నడువు, జరసేపు ఉరుకు. నడుమ నడుమ రోజు ఇడిసిపెట్టు. గాబరపడి ఉరికితె కాళ్లు పోతయ్," అన్నాడు బావ.

చూడండి, ఎంత మంచి సలహానో. మరి నాకు ఎలా వినబడింది? 'నీవల్ల కాదు' అని వినబడింది. కోపంగా ఉన్న మనిషి చెవిలో పాలు పోసినా కారంగానే దిగుతాయి.

మర్నాడే బూట్లు కొన్నాను. పాదానికి సరిపోతాయా లేదా అని కాదు, బావ బూట్లకన్నా ఎర్రగా ఉన్నాయని కొన్నాను. కాలేజీ గ్రౌండులో రెండో చుట్టుకే కళ్లకు చుక్కలు కనిపించాయి. మూడో చుట్టులో బావ నవ్వు గుర్తొచ్చింది. ఆ కోపంతో ఇంకో రెండు చుట్లు లాగేశాను. అప్పుడు తెలిసింది నాకు, కోపం డీజిల్ లాంటిదని. బండి ఏ స్థితిలో ఉన్నా ముందుకు తోస్తుంది. ఇంజన్ కాలిపోయే సంగతి తర్వాత తెలుస్తుంది.

అప్పటినుంచి రోజూ పరుగే. గ్రౌండు వదిలి సిమెంటు రోడ్డు ఎక్కాను. విశ్రాంతి అన్న మాట వింటేనే ఒళ్లు మండేది. ఈరోజు బావ ఎంత పరుగెత్తాడో మా అక్కకు ఫోన్ చేసి ఆరా తీయడం, నేను అంతకన్నా ఎక్కువ పరుగెత్తడం. ఇది శిక్షణ అనుకున్నాను. మా అక్క దీన్ని పిచ్చి అంది. ఆ కోపంతో ఆమెకు ఫోన్ చేయడం మానేశాను, బావ సంగతులు తెలియడమూ ఆగిపోయింది.

కొన్ని వారాలకు కుడికాలి ముందు ఎముకలో నొప్పి మొదలైంది. మొదట పరుగెత్తాక వచ్చేది. తర్వాత పరుగెత్తుతుండగానే వచ్చేది. ఆ తర్వాత దుకాణంలో మెట్టు ఎక్కినా స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పినట్టుండేది. బచ్చన్నపేట నుంచి పైపుల కోసం వచ్చే రైతులు బేరం మానేసి నా కాలు గురించి మాట్లాడేవారు.

"ఏంది సేటు, కుంటుతున్నవ్?"

"ఏం లేదు. పైపు ఎన్ని ఇంచులది కావాలె?"

"ఆముదం రాసి ఇటుకతోని కాపు సేటు."

"నీకు పైపు కావాల్నా, ఇటుక కావాల్నా?"

ఆ వారంలో నా దుకాణం నుంచి ఎంతమంది ఏమీ కొనకుండా వెళ్లిపోయారో లావణ్యే గమనించింది. "నువ్వు కాలు చూపించుకొనొస్తవా, నేను నిన్ను ఇంట్లనే పెట్టి తాళమేయాల్నా?" అని అడిగింది. అలా హనుమకొండలో ఒక ఫిజియోథెరపీ మేడం దగ్గరికి ఒక్కణ్నే వెళ్లాను.

మేడం చిన్న వయసు మనిషి. నా కథంతా విని, బొటనవేలితో ఎముక పొడవునా నొక్కుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది. నేను మంచం మీద నుంచి జానెడు ఎత్తు లేచాను.

"ఇక్కడ్నే కదా సార్. ఎముక మీద ఒత్తిడి బాగా పడింది. మీరు మొదలుపెట్టుడే మస్తు జోరుగ మొదలుపెట్టిన్రు, దానికి కోలుకునే టైమియ్యలేదు. నెలన్నర దాక ఉరుకుడు బంద్. అటెన్క నొప్పి పూర్తిగ పోతే నడకతోని షురూ చేద్దాం. అప్పటిదాక కాలు మీద బరువు పడకుంట సైకిల్ తొక్కుండ్రి."

"ఇంకో మూడు వారాలల్ల పోటీ ఉన్నది మేడం."

"పోటీ వచ్చే ఏడు గూడ ఉంటది సార్."

"మా బావ నవ్వుతడు."

"ఆయన నవ్వితే మీ కాలు విరగదు సార్. మీరు ఉరికితే విరుగుతది."

ఇంతకన్నా తేటగా ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరు. నాకు అంత తేటగా చెప్పిందనే కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి చూపించుకుంటే ఊరికే పడుకోమంటుందా అని దారి పొడవునా బస్సు కిటికీతో పోట్లాడుకుంటూ ఇంటికొచ్చాను.

"మేడం ఏమన్నది?" అని అడిగింది లావణ్య.

"జర నరం పట్టిందట. మెల్లమెల్లగ ఉరకమన్నది."

"నిజంగ అన్నదా?"

"అబద్ధం చెప్పే మొగం లెక్క కనిపిస్తున్ననా నీకు?" అని గొంతు పెంచాను. గొంతు పెంచిన మగవాణ్ని ఇంట్లో ఎప్పుడూ నమ్మకూడదు. ఇది నా స్వానుభవం.

పోటీకి ముందురోజు సాయంత్రమే ఇద్దరం భూపాలపల్లి చేరాం. పొద్దున మంచు ముసిరి ఉంది. బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన ఆకుపచ్చ టీషర్టుల్లో జనం గంతులేస్తున్నారు. నేను ఎవరికీ కనబడకుండా నొప్పి గోలీ మింగాను. చెమటకు జారిపోతాయని కళ్లజోడు తీసి లావణ్య చేతికిచ్చాను. కళ్లజోడు లేకపోతే నాకు పది అడుగుల అవతల మనుషులంతా ఒకటే. దీన్ని గుర్తుపెట్టుకోండి. నేను అప్పుడు గుర్తుపెట్టుకోలేదు.

బావ ఎక్కడా కనబడలేదు. 'భయపడి దాక్కున్నాడు' అనుకున్నాను. పరుగు మొదలైంది. గోలీ మహిమతో కొంతదూరం హుషారుగానే సాగింది. దారిలో బల్ల దగ్గర ఎవరో నీళ్ల గ్లాసు పట్టుకుని నాకు అడ్డంగా చెయ్యి చాపారు. ఆగితే కాలు మళ్లీ కదలదని భయం. ఆ చేతిని పక్కకు తోసేసి పోయాను. వెనక నుంచి ఏదో అరుపు వినబడింది, పట్టించుకోలేదు.

గోలీ మహిమ తగ్గుతుండగా, మంచులో కొంచెం దూరంలో ఒక ఆకుపచ్చ టీషర్టు కనిపించింది. దాని పైన గుండ్రటి బట్టతల. పక్కలకు కోడి రెక్కల్లా విచ్చుకున్న మోచేతులు. మా బావే. ఆయనదీ బట్టతలే, పరుగెత్తితే ఆయన మోచేతులు అచ్చం అలాగే ఉంటాయి. నొప్పి మరిచిపోయాను. కుడికాలు కుంటుతూ, ఎడమకాలు గెంతుతూ, మూడు కాళ్ల మేకలా వెంటబడ్డాను.

ఒక చోట రోడ్డు మీద సున్నం గీత గీసి, జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. పరుగెత్తేవాళ్లంతా అక్కడ వెనక్కి తిరుగుతున్నారు. మా బావ మాత్రం నేరుగా పోతున్నాడు.

"అన్నా, గిటు తిరుగాలె. అటు కాదు," అని కుర్రాళ్లు కేకేశారు.

"ఆయన పోతలేడా?" అన్నాను.

"ఆయనది వేరే అన్నా..."

వేరేనట. లెక్కల సారుకు ఒక దారి, పైపుల వ్యాపారికి ఒక దారా? ఇంకా మండింది. తిరగలేదు. నేరుగా పోయాను. ఇంతలో వెనక నుంచి కాటారం బస్సు నన్ను దాటుకుని పోయి ముందున్న బస్ స్టేజీ దగ్గర ఆగింది. మా బావ చెయ్యెత్తుతూ ఉరికి దాంట్లోకి ఎక్కేశాడు.

ఇన్నేళ్లుగా ఈయన గెలిచింది బస్సెక్కా? రోడ్డు మీద అంతమంది చూస్తుండగా ఎంత ధైర్యం? ఈ మోసం నా చేతికి చిక్కింది కదా, వదులుతానా? ఒంట్లో మిగిలిన కోపమంతా కాళ్లలోకి దించి ఉరికాను. బస్సు కదులుతుండగా ఫుట్‌బోర్డు మీదికి కుడికాలితో దూకాను. కాలి లోపల ఏదో పటుక్కుమంది. అయినా ఆగలేదు. కడ్డీ పట్టుకుని లోపలికి పాకి, సీట్లో కూర్చుంటున్న ఆకుపచ్చ టీషర్టును వెనక నుంచి గట్టిగా పట్టి గుంజాను.

"దొరికినవా దొంగ బావా," అన్నాను.

ఆ మనిషి తిరిగి చూశాడు. పెద్ద మీసాలు. మా బావకు మీసాలే లేవు.

"ఎవలయ్యా నువ్వు? నా అంగి ఎందుకు గుంజుతున్నవ్?" అన్నాడతను, సగం భయంతో సగం కోపంతో.

"మీరు... ఉరుకుతున్నరు కదా?"

"బస్సు పోతదని ఉరుకుతున్న. నాట్లకు కూలోళ్లొచ్చి నిలవడ్డరు నా పొలంల. నువ్వెందుకు ఉరుకుతున్నవ్?"

నేను అతని ఒంటి మీదికి వేలు చూపించాను.

"మరి గీ టీషర్టు?"

"మా అన్న కొడుకు పోటీల పని చేస్తున్నడు. చలి పెడుతున్నదంటె మిగిలింది తెచ్చిచ్చిండు."

ఈలోగా కండక్టరమ్మ వచ్చింది. "టికెట్ తీస్కో అన్నా. ఫ్రీ ఆడోళ్లకే," అంది. బస్సంతా నవ్వింది. నేను కోపంగా లేచి నిలబడబోయాను. నిలబడలేకపోయాను. కుడికాలు నా మాట వినడం మానేసింది. అక్కడే నడవలో కూలబడ్డాను.

నవ్వులు ఆగిపోయాయి. బస్సు ఆపారు. ఇద్దరు మనుషులు నన్ను ఎత్తి రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. నేను అంగి గుంజిన ఆ మనిషి పేరు రాజమల్లు. తన అన్న కొడుక్కు ఫోన్ చేసి, బస్సును పంపించేసి, నాతోనే ఉండిపోయాడు.

"మీ కూలోళ్లు ఎదురుచూస్తరు," అన్నాను సిగ్గుతో.

"చూడనీ తియ్. నిన్ను గిట్ల ఇడిసిపెట్టి పోతె నువ్వు ఇంకెవలెంట వడుతవో," అన్నాడు.

కాసేపటికి పోటీవాళ్ల వ్యాను వచ్చింది. దాంట్లోంచి దిగిన మొదటి మనిషి మా బావ. ప్యాంటు, స్వెటరు, మెడలో కార్యకర్త బిళ్ల. ఒంటి మీద చెమట చుక్క లేదు.

"బావా, నువ్వు ఉరకలేదా?"

"నేనేడ ఉరికిన? నాకు మడమ నొప్పి. రెండు నెలలు ఉరకొద్దన్నరు. ఊకె కూసోలేక నీళ్లు పంచ వచ్చిన. నీకు గ్లాసియ్యబోతె నా చెయ్యి నూకేసి పోయినవ్ గద. బామ్మర్దీ బామ్మర్దీ అని ఎంత మొత్తుకున్న."

నన్ను వ్యాను ఎక్కించమని రెండు చేతులూ చాపాను.

దవాఖానలో ఎక్స్‌రే తీశారు. ఎముక స్పష్టంగా విరిగింది. కట్టు వేస్తుండగా లావణ్య వచ్చి నా పక్కన నిలబడింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. బావ ఆమెను ఓదార్చబోయి నన్ను ముంచాడు.

"పరేషాన్ కాకు చెల్లే. హనుమకొండల మంచి ఫిజియో మేడం ఉన్నది. నన్ను గూడ ఆమెనే ఉరకొద్దన్నది. మొన్న పోతె చెప్పింది, జనగామ నుంచి ఎవలో మోటార్ల దుకాణమాయన వచ్చిండట, ఉరికితే కాలు విరుగుతదంటె, మా బావ నవ్వుతడు అన్నడట. గిసొంటోళ్లు గూడ ఉంటరా అని నేను మస్తు నవ్విన..."

అక్కడ ఆగాడు. నన్ను చూశాడు. లావణ్య కూడా నన్ను చూసింది. కట్టు వేసే మనిషి పని ఆపి అతనూ చూశాడు. ఆ గదిలో నన్ను చూడనిది ఎక్స్‌రే మిషను ఒక్కటే.

"మెల్లమెల్లగ ఉరకమన్నది," అంది లావణ్య ఒక్కో మాటా విడదీసి. అంతే. ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి అరవడం నాకు వచ్చు. మౌనానికి ఎలా బదులివ్వాలో నేర్చుకునే అవసరం ఆ రోజు దాకా నాకు పడలేదు.

యాసంగి పంటకు వచ్చిన గిరాకీ అంతా లావణ్య ఒక్కతే చూసుకుంది. నేను కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని మూల కూర్చున్నాను. తిరిగిపోయిన రైతులందరూ మళ్లీ వచ్చారు. "అక్క మంచిగ మాట్లాడుతది," అని నా మొహం మీదే చెప్పారు. కట్టు విప్పాక మేడం దగ్గరికి ఈసారి లావణ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. నా మాట మీద నమ్మకం లేక ఆమే వచ్చిందనడం సరైన మాట. ఇప్పుడు రోజు విడిచి రోజు నడుస్తున్నాను, మధ్యలో చిన్నగా పరుగెత్తుతున్నాను. నొప్పి వస్తే ఆగిపోతున్నాను. ఇంత చిన్న పని నేర్చుకోవడానికి నాకు ఒక ఎముక ఖర్చయింది.

ఇక మీ అందరి ఎదుటా, నా కుడికాలి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఎవరి మీది పంతంతోనూ బూటు లేసు కట్టను. మేడం వద్దన్నది చెయ్యను. మొహం చూడకుండా ఏ బట్టతల వెంటా పడను. కోపంలో ఒక్క అడుగు కూడా వెయ్యను.

ఇదంతా రాసి లావణ్యకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "గీ ప్రమాణం గూడ కోపంగనే చేస్తున్నవ్ గదా," అంది.

"నాకేం కోపం లేదు," అన్నాను.

పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు.