గొర్రెల వీపు మీద పటాలం గుర్తు

మొన్న హిందూపురం నుంచి పెనుకొండకు వస్తుంటే ఎర్రమంచి దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చి మా బస్సు ఆగింది. కిటికీలోంచి ఊరికే చూస్తున్నదాన్ని, ఒక గొర్రె వీపు మీద జాజుతో వేసిన ఎర్రటి గుర్తు చూసి లేచి నిలబడ్డాను. గుండ్రంలో పైకి చూసే బాణం. మా తాత పోయాక ఆ గుర్తు తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను.

మన వయసు వాళ్ల ఇళ్లలో రెండో ప్రపంచ యుద్ధానికి పోయొచ్చిన తాతలు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మా తాత తెల్లవాళ్ల కాల్బలం డివిజన్ ఒకదాని వెంట బర్మాకు పోయాడు. తుపాకీ పట్టడానికి కాదు, కంచరగాడిదలను తోలడానికి. ఆ డివిజన్ చరిత్ర పుస్తకాల్లో ఎలా ఉందో గానీ, నేను విన్నదంతా గొర్రెల వెనక నడుస్తూ తాత చెప్పిందే: జడివానలు, జలగలు, తెప్పల మీద దాటిన నదులు, జ్వరాలతో రాలిపోయిన తెల్లపిల్లలు, శత్రువుకు వినబడకూడదని గొంతులో నరం కోసి మూగవి చేసిన కంచరగాడిదలు. అందుకేనేమో, మంద కాసేపు అరవకపోతే తాతకు తోచేది కాదు, దేన్నో ఒకదాన్ని కదిలించి అరిపించేవాడు మహానుభావుడు.

అంత దండులో ఆయనతో తెలుగు మాట్లాడే తోడు ఒక్కడే. ఊరేదంటే అతను పెనుకొండ తట్టు అనేవాడట, తాత కూడా అదే అనేవాడు. అంత దూరదేశంలో కొండ పేరు చెప్పుకుంటే చాలనుకున్నారు ఇద్దరూ. ఒక నది దాటేటప్పుడు తాత జ్వరంతో నీళ్లలో పడిపోతే ఒడ్డుకు లాగింది అతనే. తెలివి వచ్చేసరికి తాత ఆసుపత్రిలో ఉన్నాడు, డివిజన్ ముందుకు సాగిపోయింది. ఆ మనిషి బతికాడో లేదో తెలియలేదు.

ఇంటికొచ్చాక తాత తన గొర్రెలన్నిటికీ ఆ డివిజన్ వాళ్లు భుజాన కుట్టుకునే గుర్తే వేశాడు. బతికుంటే సంతలో చూసి, వచ్చి గొర్రె మీద చెయ్యేస్తాడని నమ్మకం. అతని మాటల్లో డబ్బుకు దుడ్లు అనీ అదనీ ఇదనీ కన్నడం దొర్లేది గనక కన్నడ సరిహద్దున ఉన్న మడకశిర పక్కవాడే అయ్యుంటాడని తేల్చుకుని, వారం వారం ఆ తట్టు వాళ్లొచ్చే హిందూపురం సంతకే పోయేవాడు, చిన్నదాన్ని నన్నూ వెంటబెట్టుకుని. "ఏమప్పా, అమ్మేకొచ్చినావా, చూపించేకొచ్చినావా?" అని బేరగాళ్లు ఎగతాళి చేసేవారు. పొద్దు వాలి సంత ఖాళీ అయినా కదలక నిలబడ్డ ఆయనను తలచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది. పోయేదాకా అలాగే చూశాడు. ఎవరూ రాలేదు.

బస్సు దిగి, మంద వెనకున్న కాపరిని ఆ గుర్తు సంగతి అడిగాను.

"మా తాత పెట్టిన గుర్తమ్మా. మాది తాడిమర్రి. యుద్ధం నుంచి వచ్చినాక, ఉన్నన్నాళ్లూ ధర్మవరం సంతలో ఎవురికోసరమో కాసుకోని ఉండేటోడంట" అన్నాడు. మీ తాతకు కన్నడం ఎలా వచ్చిందయ్యా అంటే, "వాళ్లమ్మది మడకశిర కదా" అన్నాడు తేలిగ్గా.

ఎంత పని చేశావు తాతా! మాట విని మనిషి ఊరు తేల్చేశావు, అది వాళ్లమ్మ పుట్టిల్లయింది.

వంగి ఆ గొర్రె వీపు మీద చెయ్యి వేశాను. కాపరి తాత ఎదురుచూసింది ఈ చేతికోసమే, చూడటానికి ఆయన లేడు, చెబుదామంటే మా తాత లేడు. కాపరికి సంగతి చెప్పేలోగా కండక్టరు కేకేస్తే ఎక్కి కూర్చున్నాను. ఇప్పుడెవరినీ సంతల్లో వెతకనక్కర్లేదు, ఫోనులో పేరు కొడితే చాలు, మనిషి దొరుకుతాడు. నా ఫోనులోనూ బోలెడు పేర్లున్నాయి. ఈ కబురు ఎవరికి చెప్పాలా అని, పెనుకొండ వచ్చేదాకా వాటిని పైకీ కిందికీ జరుపుతూనే ఉన్నాను.