నాలుగు అరల రియాక్టరు

నరసరావుపేట కాలేజీలో నేను కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో, మా బావ ఎరువుల ఫ్యాక్టరీ డిజైన్ ఆఫీసులో ఇంజనీరు. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ కలిసిన గ్యాసు నుంచి మిథనాల్ తీసే రియాక్టరు గీసే పని ఆయనకి అప్పజెప్పారు. ఆ చర్యలో పుట్టే వేడికి లోపలి ఉత్ప్రేరకం గుళికలు చచ్చుపడిపోతాయి. "ఆ వేడి తగ్గించే దారేందో నువ్వే చూడరా బామ్మర్దీ" అని కాగితాలు నా ముందు పెట్టాడు.

వేసవి సెలవులన్నీ దానికే పోయినాయి. గుళికలన్నీ ఒకే కుప్పగా పోయకుండా నాలుగు అరల్లో సర్ది, అరకీ అరకీ మధ్య చల్లటి గ్యాసు వదిలితే సరిపోతుందని లెక్కలతో సహా బొమ్మ గీసిచ్చాను. "దీన్ని ఇంజనీర్ల పత్రికకి పంపి ఇద్దరి పేర్లూ వేయిస్తా" అన్నాడు బావ.

ఏడాది తర్వాత కాలేజీకొచ్చిన ఆ పత్రికలో ఆ బొమ్మ చూశాను. బావ పేరొక్కటే ఉంది.

అక్కా బావా సెలవు మీద వాళ్ల ఊరు మాచర్ల వచ్చారని తెలిసి, పత్రిక పట్టుకుని వెళ్లాను. దాన్ని చూడగానే బావ పెరట్లోకి తప్పుకున్నాడు. అక్క మాత్రం తడబడలేదు.

"పంపేముందు కాగితాలు సాపు రాసింది నేనేరా. నీ పేరు నేనే తీసేశాను. ఆయనకి ప్రమోషన్ రావద్దా? నీకు పాఠాలు చెప్పుకునే ఉద్యోగం ఉందిగా!"

నాకు అక్షరాలు దిద్దించింది ఆ అక్కే. అన్నం తినిపొమ్మంటున్నా వినకుండా బస్సెక్కాను. బావతో ఆ ఏడే మాటలు కలిశాయి. అక్కతో కలవడానికి చానా ఏళ్లు పట్టింది.